బ్రిటన్‌లో సీనియర్ సివిల్ సర్వెంట్ కెరీర్ ఎలా సాగుతుంది? మన ఐఏఎస్ లాంటిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. పాలిటీ చదువుతుంటే బ్రిటన్ కేబినెట్ సెక్రటరీ ప్రస్తావన వచ్చింది. ఆయన మన చీఫ్ సెక్రటరీ లాంటివాడేనా, ఆ కుర్చీ దాకా మనిషి ఎలా వెళ్తాడు, రోజూ చేసే పనేమిటి, మనవాళ్లు అటు వెళ్లగలరా అన్నది మీ సందేహం. ఎవరిదో ఒకరి జీవితం తీసుకుని చెప్పమన్నారు. నేను లండన్‌లో ఒక మంత్రిత్వ శాఖలో చాలాకాలం పాలసీ ఉద్యోగాలు చేశాను, మధ్యలో మంత్రి పేషీలో కూడా ఉన్నాను. పెద్ద కుర్చీల్లో ఎప్పుడూ కూర్చోలేదు. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లకి నోట్లు రాసిచ్చి, వాళ్లు కొట్టేసిన పేరాలు మళ్లీ రాసుకున్నవాణ్ణి.

సూటిగా చెప్తాను. ఐఏఎస్ లాంటిది కాదు. అక్కడ కలెక్టర్ దశ లేదు, కేడర్ లేదు, బ్యాచ్ లేదు. పరీక్షలో వచ్చిన ర్యాంకు జీవితాంతం వెంట రాదు. ప్రతి ప్రమోషన్‌కీ ఖాళీ పడ్డ పోస్టుకి కొత్తగా అప్లై చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. ఇక మనిషిని పైకి తీసుకెళ్లేది ఎక్కువగా మంత్రి పేషీ. ప్రభుత్వం మారి ఎదుటి పార్టీ వచ్చినా "ఈయన మాకూ కావాలి" అనిపించుకోవాలి. అలా సంపాదించిన దగ్గరితనమే తర్వాత మెడకి చుట్టుకోవచ్చు కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించేది జెరెమీ హేవుడ్ కెరీర్‌లో. అందుకే ఆయన్ని తీసుకుంటున్నాను.

హేవుడ్ 1961 డిసెంబర్ 31న డర్బీషైర్‌లోని గ్లాసప్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి టీచర్. యార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు నడిపే బూథమ్ స్కూల్లో ఆయన పాఠాలు చెప్పేవారు, కొడుకూ అక్కడే చదివాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, ఆర్థికశాస్త్రం, ఆపైన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మాస్టర్స్. మొదటి ఉద్యోగం కార్మికుల భద్రత చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌లో ఎకనామిస్టుగా. 1984లో ట్రెజరీకి, అంటే ఆర్థిక శాఖకి వచ్చాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన దగ్గర 25 ఏళ్ల ఆఫీసర్ సబ్ కలెక్టర్‌గా భూముల తగాదాలు, తుపాను సహాయం, పోలింగ్ బూత్‌లు చూస్తాడు. ట్రెజరీలో ఆ వయసువాడు జనాన్ని చూడడు, లెక్కలు చూస్తాడు. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు, వేరే శాఖల డైరెక్టర్లు డబ్బు కోసం వస్తే ఎదురుగా కూర్చుని "ఇది కుదరదండీ, ఎందుకంటే" అని చెప్పే పని అతనిది. అందువల్ల చిన్న వయసులోనే మొత్తం ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. జనం ఎలా బతుకుతారో తెలియకుండానే పై అంతస్తుకి చేరిపోయే ప్రమాదమూ ఉంది. ఈ విమర్శ అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే, నా అనుభవంలో అందులో నిజమూ ఉంది.

ఇప్పుడు పేషీ సంగతి. మన దగ్గర పేషీ అనగానే సందర్శకులు, సిఫార్సు లేఖలు, గుమ్మం దగ్గర జనం గుర్తొస్తారు. వైట్‌హాల్‌లో, అంటే లండన్‌లో మంత్రిత్వ శాఖలుండే వీధిలో, పేషీ అంటే మంత్రి గది బయట కొన్ని బల్లలు, వాటి దగ్గర చాలామంది ముప్పై ఏళ్లు కూడా నిండని ఉద్యోగులు. మంత్రి దగ్గరికి వెళ్లే ప్రతి కాగితం వాళ్ల చేతుల మీదుగా వెళ్లాలి. మంత్రి ఫోన్లో అధికారిక విషయం మాట్లాడుతుంటే ప్రైవేట్ సెక్రటరీ ఇంకో లైన్లో చప్పుడు చేయకుండా వింటూ రాసుకుంటాడు. ఇది దొంగచాటు వ్యవహారమేమీ కాదు, అక్కడ పద్ధతే అంత. మాటలు అయిన కాసేపటికి "మంత్రిగారు ఇలా అన్నారు, మీ విభాగం ఫలానా తేదీలోగా ఇది చేయాలి" అని ఈమెయిల్ వెళ్తుంది. కింద పనిచేసేవాళ్లకి మంత్రి నిర్ణయం అంటే ఆ ఈమెయిలే.

సాయంత్రం ఎర్ర పెట్టె సర్దడం ఇంకో ఘట్టం. మంత్రి రాత్రి ఇంట్లో చదవాల్సిన ఫైళ్లన్నీ అందులో పెడతారు. పెట్టె కట్టేసే టైమ్ దాటిందా, మీ ఫైలు రేపటికే. నోట్‌లో అన్నిటికంటే పైన విషయమేమిటి, ఎప్పటిలోగా తేలాలి, మా సిఫార్సు ఏమిటి, ఈ మూడూ ఉండాలి. నేపథ్యం ఎంత ఆసక్తిగా ఉన్నా కిందకే. మా పేషీ హెడ్ ఒకావిడ, ఓ విభాగం పంపిన నాలుగు పేజీల నోట్ తీసుకుని ఆఖరి పేరాని పైకి జరిపి, మధ్యలో రెండు పేజీలు అడ్డంగా కొట్టేసి, "ఇప్పుడు కారులో చదవొచ్చు" అని పెన్సిల్‌తో రాసి వెనక్కి పంపడం నా కళ్లతో చూశాను. మర్నాడు పెట్టె తిరిగొస్తే మార్జిన్‌లో మంత్రి చేతిరాత ఉంటుంది: ఒక టిక్కు, లేదంటే "సరే", లేదంటే "మాట్లాడదాం". ఆ మూడోది కనిపిస్తే ఆ రోజంతా విభాగానికి టెన్షన్.

హేవుడ్ ఈ పనిలో దిట్ట అని ఆయనతో పనిచేసిన అన్ని పార్టీల వాళ్లూ ఒప్పుకున్నారు. చాన్సలర్, అంటే ఆర్థిక మంత్రి, నార్మన్ లామంట్‌కి ప్రిన్సిపల్ ప్రైవేట్ సెక్రటరీ, అంటే పేషీ హెడ్, అయ్యేనాటికి ముప్పై ఏళ్ల వాడు. 1992 సెప్టెంబర్ 16, బ్లాక్ వెన్స్‌డే అంటారే, ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉన్నది ఆయనే. యూరప్ మారక రేట్ల వ్యవస్థలో పౌండుని నిలబెట్టడానికి వడ్డీ రేటుని 10 నుంచి 12 శాతానికి పెంచారు. అదే రోజు ఇంకోసారి, 15 చేస్తున్నామని ప్రకటించారు. అయినా పౌండ్లు అమ్మేవాళ్లు ఆగలేదు. సాయంత్రానికి బ్రిటన్ ఆ వ్యవస్థ నుంచి బయటికొచ్చేసింది. మర్నాటి ఏడాది లామంట్ పదవి పోయి కెన్ క్లార్క్ వచ్చారు. మంత్రి పోయారు, సెక్రటరీ అదే సీట్లో ఉన్నాడు. మన దగ్గరైతే పాత మంత్రి ఓఎస్డీ కొత్త మంత్రి వచ్చేలోపే సామాను సర్దుకుంటాడు కదా. అక్కడ పాత మంత్రి మనిషి అన్న ముద్ర పడదు. ఎందుకంటే అతను మంత్రి తెచ్చుకున్న మనిషి కాదు, శాఖ మనిషి. మంత్రి తనతో తెచ్చుకునే రాజకీయ సలహాదారులు వేరే ఉంటారు, వాళ్లు ఆయనతోపాటే వెళ్లిపోతారు.

ఆ తర్వాత ట్రెజరీని ఎలా కుదించాలన్న సమీక్షలో హేవుడ్ కీలక పాత్ర తీసుకున్నాడు. పై స్థాయి పోస్టుల్లో పెద్ద కోత పడింది. అంటే ముప్పైల్లో ఉన్న కుర్రాడు తన పైవాళ్ల కుర్చీలు ఎన్ని అవసరమో లెక్క కట్టాడన్నమాట!

1999లో డౌనింగ్ స్ట్రీట్‌లో, అంటే ప్రధాని కార్యాలయంలో, టోనీ బ్లెయిర్‌కి ప్రిన్సిపల్ ప్రైవేట్ సెక్రటరీ అయ్యాడు. ప్రధాని బ్లెయిర్‌కీ, ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్‌కీ పొసగని రోజులవి. ట్రెజరీలో పెరిగినవాడు కాబట్టి అటువాళ్లు ఫోన్ చేస్తే ఎత్తేవాడు, ఇటు ప్రధానికీ నమ్మకస్తుడు. ఇద్దరు నాయకులు మాట్లాడుకోని చోట ఇలాంటి ఒక్కడి వల్ల ఫైళ్లు కదులుతాయి. అయితే బ్లెయిర్ హయాం మీద ఒక మచ్చ కూడా ఉంది. నిర్ణయాలు సోఫాల్లో కూర్చుని మాట్లాడుకుని తీసుకునేవారనీ, కాగితం మీద పెట్టడం తగ్గిపోయిందనీ 2004లో బట్లర్ కమిటీ తప్పుపట్టింది. ఆ రాబిన్ బట్లర్ కూడా మాజీ కేబినెట్ సెక్రటరీయే.

2003 చివర్లో హేవుడ్ సర్వీసు వదిలి మోర్గాన్ స్టాన్లీ బ్యాంకులో చేరాడు, 2007లో బ్రౌన్ ప్రధాని అయ్యాక తిరిగొచ్చాడు. రాజీనామా చేసి ప్రైవేటుకి వెళ్లిన ఐఏఎస్ నాలుగేళ్లకి అంతకంటే పై మెట్టు మీదకి తిరిగి రావడం మన దగ్గర దాదాపు ఊహించలేం. అక్కడ కొందరు దీన్ని మంచి అనుభవం అంటారు, కొందరు అనుమానంగా చూస్తారు. బ్యాంకు అనుభవం వృథా కాలేదు మాత్రం. 2008 అక్టోబర్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, లాయిడ్స్, హెచ్‌బీఓఎస్ బ్యాంకుల్లోకి ప్రభుత్వం 37 బిలియన్ పౌండ్లు పెట్టాల్సి వచ్చినప్పుడు ప్రధాని పక్కన ఉన్న అధికారి ఆయనే. 2010లో ఎవరికీ మెజారిటీ రాలేదు, అయిదు రోజుల బేరసారాల తర్వాత కన్జర్వేటివ్ నాయకుడు కామెరాన్, లిబరల్ డెమోక్రాట్ నాయకుడు క్లెగ్‌ల సంకీర్ణం వచ్చింది. హేవుడ్ డౌనింగ్ స్ట్రీట్‌లోనే ఉన్నాడు. 2012 జనవరి 1న కేబినెట్ సెక్రటరీ అయ్యాడు, 2014లో మొత్తం సివిల్ సర్వీసుకి కూడా హెడ్ అయ్యాడు. కామెరాన్ పోయి థెరిసా మే వచ్చినా కొనసాగాడు. బ్లెయిర్ దగ్గర్నుంచి లెక్కేస్తే నలుగురు ప్రధానులు, రెండు ప్రధాన పార్టీలు (లేబర్, కన్జర్వేటివ్).

చీఫ్ సెక్రటరీతో పోలిక: సరిగ్గా అతకదు. మన ఢిల్లీ కేబినెట్ సెక్రటరీ దగ్గరి బంధువు. బ్రిటన్‌లో ఈ పోస్టు 1916లో మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో పుట్టింది. అంతకుముందు కేబినెట్ సమావేశాల్లో ఎవరు ఏమన్నారో రాసే అధికారి ఉండేవాడు కాదు. లాయిడ్ జార్జ్ ప్రధాని అయ్యాక మారిస్ హాంకీ ఆ పని మొదలుపెట్టి 1938 దాకా చేశారు. ఆయనతో లెక్కేస్తే హేవుడ్ పదకొండోవాడు. వందేళ్లలో పదకొండు మంది! మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం మారితే సీఎస్ ఎవరన్న చర్చ ఫలితాల రోజు సాయంత్రానికే మొదలవుతుంది, కాబట్టి ఈ సంఖ్య మనకి వింతగానే ఉంటుంది. ఆయన తర్వాత అక్కడా కుర్చీ మునుపటంత స్థిరంగా లేదు, అది వేరే సంగతి.

కేబినెట్ సెక్రటరీ సంగతి అలా ఉంచితే, పర్మనెంట్ సెక్రటరీల దగ్గర, అంటే ఒక్కో శాఖలో అందరికంటే పై అధికారుల దగ్గర, ఉన్న ఒక ఆయుధం గురించి ఎక్కువమందికి తెలియదు. పాలిటీ చదివేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ప్రతి పర్మనెంట్ సెక్రటరీ తన శాఖ ఖర్చుకి పార్లమెంటు ముందు వ్యక్తిగతంగా జవాబుదారీ. మంత్రి చెప్పిన ఖర్చు వృథా అనో, నిబంధనలకి విరుద్ధం అనో ఆయన అనుకుంటే "నాకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి" అని అడగొచ్చు. మంత్రి రాసిస్తే ఖర్చు చేయాల్సిందే. బాధ్యత మాత్రం అక్కడితో మంత్రిది, ఆ కాగితం ఆడిటర్ జనరల్‌కి వెళ్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ పెర్గావ్ డ్యామ్. మలేషియాలో ఒక జలవిద్యుత్ డ్యామ్‌కి బ్రిటన్ 234 మిలియన్ పౌండ్ల సాయం చేయాలని మంత్రుల పట్టుదల. ఆయుధాల అమ్మకం బేరంతో ఈ సాయం ముడిపడిందన్న ఆరోపణ తర్వాత పెద్ద దుమారమైంది. విదేశీ సాయం విభాగం పర్మనెంట్ సెక్రటరీ టిమ్ లాంకెస్టర్ "ఇది గిట్టుబాటు కాదు, ప్రజల సొమ్ముకి తగ్గ ఫలితం రాదు" అని అభ్యంతరం చెప్పారు. 1991లో విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చారు. డబ్బు వెళ్లింది. 1994లో హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. లాంకెస్టర్ మీద ఈగ వాలలేదు, కాగితం ఉంది కాబట్టి. నోటిమాట ఆదేశాల మీద సంతకాలు పెట్టి తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన అధికారుల కథలు మనకి కొత్త కావు. మన వ్యవస్థకి బ్రిటన్ నుంచి ఒకే ఒక్కటి తెచ్చుకోమంటే నేనైతే దీన్నే తెస్తాను.

ఇప్పుడు హేవుడ్ కథలో రెండో సగం. మోర్గాన్ స్టాన్లీలో ఉన్నప్పుడు ఆయనకి లెక్స్ గ్రీన్‌సిల్ అనే ఫైనాన్షియర్ పరిచయం. 2012 ప్రాంతంలో ఆ గ్రీన్‌సిల్ సలహాదారు హోదాలో ప్రభుత్వంలోకి వచ్చాడు. సరఫరాదారులకి బిల్లులు తొందరగా చెల్లించే పథకం ఒకటి ముందుకి తెచ్చాడు. అతని సొంత కంపెనీ వ్యాపారమూ అదే. 2021 మార్చిలో ఆ కంపెనీ కుప్పకూలింది, మాజీ ప్రధాని కామెరాన్ దాని తరఫున మంత్రులకి మెసేజ్‌లు పెట్టిన సంగతి బయటపడింది. అప్పుడు ప్రభుత్వం వేసిన బోర్డ్‌మన్ సమీక్ష, గ్రీన్‌సిల్‌ని లోపలికి తెచ్చిన బాధ్యత ప్రధానంగా హేవుడ్‌దేనంది. అప్పటికి ఆయన లేరు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద నింద వేశారని భార్య సుజాన్ గట్టిగా అభ్యంతరం చెప్పారు.

నా అభిప్రాయం అడిగితే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చనిపోయిన అధికారి మీదకి తోసేయడం బతికున్న రాజకీయ నాయకులకి చాలా సౌకర్యం. అలాగని, ఒక్క మనిషి నమ్మకం మీద బయటివాడికి పాస్, బల్ల దొరికే పరిస్థితి హేవుడ్ లాంటి అధికారులున్న చోటే వస్తుంది. "జెరెమీ సరేనన్నాడు" అంటే కింద ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. పేషీలో ముప్పై ఏళ్లకి బలమైనదే యాభై ఏళ్లకి బలహీనత అయింది.

ఇక వ్యక్తిగత జీవితం సంగతి. బంగళా, సర్కారు కారు, ఆర్డర్లీలు మనసులోంచి తీసేయండి. పర్మనెంట్ సెక్రటరీలు మెట్రోలో నిలబడి ఆఫీసుకి రావడం మామూలే. ఆఫీసులో సర్, మేడమ్ ఉండవు. కాగితం మీద సర్ జెరెమీ హేవుడ్, ఎదురుగా వస్తే కొత్తగా చేరిన పిల్లకి కూడా జెరెమీయే. మంత్రిని మాత్రం "మినిస్టర్" అనే పిలుస్తారు, పేరు పెట్టరు. మనదేశం నుంచి వెళ్లినవాడికి మొదట్లో నోరు తిరగదు. ఇక జీతం విషయంలో, కేబినెట్ సెక్రటరీకి ప్రధాని కంటే ఎక్కువే వస్తుంది. బయట బ్యాంకుల్లో అదే మనిషికి వచ్చేదానితో పోలిస్తే అది ఏ మూలకీ కాదు.

పని గంటలు మాత్రం మనిషిని తినేస్తాయి. హేవుడ్‌కి ముగ్గురు పిల్లలు. 2017లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసింది. బ్రెగ్జిట్ సన్నాహాలు నెత్తి మీద ఉన్న కాలం, చికిత్స తీసుకుంటూనే పనిచేశాడు. 2018 జూన్‌లో సెలవు పెట్టాడు, అక్టోబర్ 24న రిటైరయ్యాడు, లార్డ్ హోదా ప్రకటించారు. నవంబర్ 4న చనిపోయాడు. 56 ఏళ్లు.

ఇంకో హెచ్చరిక. పర్మనెంట్ అన్న మాటని మరీ నమ్మకండి. హోం శాఖ పర్మనెంట్ సెక్రటరీ ఫిలిప్ రట్నమ్ 2020లో హోం మంత్రితో పడక రాజీనామా చేసి కేసు వేశారు, మర్నాటి ఏడాది 3,40,000 పౌండ్లకి సెటిల్ అయింది. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం రాగానే ట్రెజరీ పర్మనెంట్ సెక్రటరీ టామ్ స్కాలర్‌ని పంపించేశారు. ఆ నెలలోనే మినీ బడ్జెట్, మార్కెట్ల గందరగోళం.

ఈ ప్రతిభ ఆధారిత సర్వీసుకి పునాది వేసిన 1854 నార్త్‌కోట్-ట్రెవెల్యన్ నివేదిక పేరు మీ చదువులో తగిలే ఉండొచ్చు. అందులో ట్రెవెల్యన్‌కి మన ప్రాంతంతో లంకె ఉందని చాలామందికి తెలియదు. ఐర్లాండ్ కరువు రోజుల్లో ట్రెజరీలో కూర్చుని సాయం విషయంలో చెయ్యి బిగించాడని ఐరిష్ జనం ఇప్పటికీ తిట్టుకునే ఛార్లెస్ ట్రెవెల్యన్ ఆయనే. 1859లో మద్రాస్ గవర్నర్‌గా వచ్చాడు, కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన కిందే. కలకత్తా ప్రభుత్వం ఇన్‌కమ్ ట్యాక్స్ తెస్తామంటే ఒప్పుకోక, తన అభ్యంతర పత్రాన్ని పత్రికల్లోకి వదిలేశాడు. 1860లో లండన్ వెనక్కి పిలిపించింది. పన్ను మాత్రం వచ్చింది.

చివరిగా, మనవాళ్లు వెళ్లగలరా? పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయ్‌గురిలో పుట్టిన సుమా చక్రబర్తి అంతర్జాతీయ అభివృద్ధి శాఖకీ, తర్వాత న్యాయ శాఖకీ పర్మనెంట్ సెక్రటరీగా చేశారు. కామన్వెల్త్ దేశం వాళ్లు కాబట్టి భారత పౌరులకి కూడా చాలా పోస్టులు తెరిచే ఉంటాయి, అక్కడ పనిచేసే హక్కు వీసా ద్వారా ముందే ఉండాలి. భద్రతకి సంబంధించిన రిజర్వ్‌డ్ పోస్టులు బ్రిటిష్ పౌరులకే. నోటిఫికేషన్‌లో నేషనాలిటీ పేరా ముందు చదవండి. అప్లికేషన్‌లో మీరు చేసిన పనికి ఒక్కో ఉదాహరణని సాధారణంగా 250 పదాల్లో రాయమంటారు. ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు నేను మళ్లీ మళ్లీ చూసింది ఒకటే: మన పిల్లలు మర్యాద కొద్దీ "మేము చేశాం, మా టీమ్ సాధించింది" అని రాస్తారు. మార్కులు వేసేది "నేను" ఏం చేశానన్నదానికి. టీమ్ చేసింది చదివి ప్యానెల్ మెచ్చుకుంటుంది, మార్కు మాత్రం వేయదు.